ఎంత దూరం వినిపించాను

రాత్రి పదిన్నరకి ఇనుము మీద సుత్తి.
వరసగా మూడో రాత్రి.
కోటు కప్పుకుని, తిట్లు మెట్టుకొకటి వల్లెవేసుకుంటూ
సెల్లార్‌లోకి దిగాను.

తలుపు ఎంత బాదినా తీయడే!
తోసుకుని వెళితే ఒక ముసలి వీపు,
జావా ముందు చక్రం మీద వంగి ఉంది.
నా తిట్లన్నీ ఆ వీపుకి తగిలి కింద రాలాయి.
నా నీడ పానాల మీద పడ్డాకే తిరిగాడు.
చెవి చూపించి, చెయ్యి అడ్డంగా ఊపి
అట్టముక్క మీద రాశాడు:
రదోవాన్. ఐదో అంతస్తు.
ఫౌండ్రీలో పోయాయి, ఎనభై ఆరులో.
సుత్తి పెద్దగా మోగుతోందా?

అవునని రాద్దామనే పెన్సిలు తీసుకున్నాను.
రాసింది మాత్రం,
ఏ సంవత్సరం బండి ఇది?

అరవై రెండు. కోళ్లగూట్లో దొరికిందట.
ట్యాంకు మీద రంగు పొలుసుల్లా లేస్తోంది.
పైన ఎవడో కుర్రాడు కొట్టిన నలుపు,
దాని కింద గేటుకి వేయగా మిగిలిన ఆకుపచ్చ,
అట్టడుగున అసలుది, బాగా మగ్గిన చెర్రీ ఎరుపు.
కుడివైపు ఒక సొట్ట.
అది తీయడట, మోకాలు సరిగ్గా అక్కడ కుదురుతుందట.
హ్యాండిలు మాత్రం రెండంగుళాలు పైకి లేపాడు.
బండి కొలతలు అరవై రెండువి,
నడుము ఇప్పటిది మరి.

అక్టోబరులో మొదటిసారి కిక్కు కొట్టాడు.
సెల్లారంతా నీలం పొగ.
నా చెవులు అద్దెకడిగాడు.
ఏం వినిపిస్తోంది?
టకటక, అని రాశాను.
ఏ టకటక?
ఫోను బల్ల మీద వణికినట్టు.
తల ఊపాడు, కాదని.
ఆ చప్పుడు నా దగ్గర లేదు.
ఎనభై ఆరుకి ముందువి చెప్పు.

ఆ రాత్రి పక్కమీద పడుకుని
బీరువా అడుగున రవికె వెతికినట్టు
పాత చప్పుళ్లు వెతికాను.
పాలక్యాను మూత. కాదు.
బడిలో వేడి గొట్టాలు రాజుకునే చప్పుడు. కాదు.
మా నాన్న గొంతు సవరించుకునే తీరు,
అదసలు దొరకనే లేదు, చాలాసేపు దానికోసమే ఉండిపోయాను.
తెల్లారగట్ల ఐదో అంతస్తుకి పరుగు:
బ్ర్నో రైల్లో టీ గ్లాసు. అందులో చెంచా.
ఎవరూ తిప్పకుండా దానంతటదే మోగుతుందే, అది!

ఆయన కళ్లు మూసుకున్నాడు.
ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత
ఆ గ్లాసు ఆ తలలో మోగడం నేను చూశాను.
పిస్టన్ పిన్ను బుష్షు, అని రాశాడు. ఎడమ సిలిండరు.

విప్పాక ఇంకేవో బయటపడ్డాయి, పడతాయి కదా.
బేరింగులు నా ఫ్రీజర్లో, బఠాణీలకీ రేగుపళ్లకీ మధ్య.
క్రాంక్‌కేసు నా ఓవెన్లో, కేకు ట్రే మీద.
చల్లని బేరింగు వేడి గూట్లోకి టప్పున జారింది,
నాకు చెవిలో, ఆయనకి వేళ్లలో.
ఆ ఆదివారం కేకు ఇంజనాయిలు వాసనేసింది.
ఇద్దరం తిన్నాం.

సీటు నేను కుట్టాను.
ట్రెబిచ్ బూట్ల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు చేసిన చెయ్యి,
అడిగితే కాదనలేదు.
జంట కుట్టు వేశాను. ఒకచోట వంకరపోయింది.
అదీ ఉంచమన్నాడు.

ఏప్రిల్. రోడ్ల మీది ఉప్పు వానకి కడుక్కుపోయింది.
పాయింట్ల సందుకి గేజి ఉంది ఆయన దగ్గర.
అయినా అరచెయ్యి ట్యాంకు మీద పెట్టి,
వెంట్రుకవాసి జరిపి, మళ్లీ పెట్టి,
ఇక చాలన్నట్టు చెయ్యి తీసి
వెళ్లిపోయాడు.

నేను గేటు దగ్గర నిలబడ్డాను.
డుగుడుగుడుగు బేకరీ మలుపు దాటింది,
చర్చి గోడకి తగిలి రెండుగా వినిపించింది,
వంతెన మీద సన్నబడింది.
ఆ తర్వాత కూడా కొంచెంసేపు విన్నాను,
ఉందో లేదో తెలియనిదాన్ని.

తిరిగొచ్చి, చెయ్యి ఇంకా వణుకుతుండగా అట్టముక్క తీశాడు.
ఎంత దూరం వినిపించాను?

వంతెన దాకా, అని రాశాను.
మురిసిపోతాడనుకున్నాను.

వంతెన దాకానా!
అయితే సైలెన్సరు మళ్లీ విప్పాలి.
టార్చి పట్టుకో.